సెలవు చీటీ

"ఇక సెలవు" అనే రెండు మాటలు నా జీవితంలో కొన్ని వందల ఉత్తరాల చివర రాసి ఉంటాను. మా నాన్నకు రాశాను. పొదిలిలో ఉన్న అక్కకు రాశాను. పెళ్లయిన కొత్తలో లక్ష్మీదుర్గ పుట్టింటికి వెళితే ఆమెకూ రాశాను. చెప్పాల్సింది అయిపోయింది, కలం కింద పెడుతున్నాను అనడానికి అంతకన్నా మర్యాదైన మాట నాకు తెలియదు. రెండేళ్ల కిందటి వేసవిలో అవే మాటలు రెబ్కా కోసం రాశాను.

మా కంపెనీ గుంటూరు దాటాక చిలకలూరిపేట హైవే పక్కన ఉంటుంది. మిరపకాయలు కొని, ఏరి, కారం పట్టి పై దేశాలకు పంపుతారు. నేను అప్పట్లో క్వాలిటీ గదిలో ఉండేవాణ్ణి. గది కిటికీలోంచి చూస్తే పెద్ద షెడ్డు. అందులో వందమంది ఆడవాళ్లు పొడవాటి బల్లల ముందు కూర్చుని కాయలకు ముచ్చికలు తీస్తుంటారు, రంగు పోయి తెల్లబారిన తాలు కాయల్ని ఏరి పక్కన వేస్తుంటారు. వాళ్లలో ఒక్కరూ కంపెనీ మనిషి కాదు. అందరూ ఏజెన్సీ మనుషులే. రెండేళ్లకోసారి ఏజెన్సీ పేరు మారుతుంది, మనుషులు మాత్రం వాళ్లే. రెబ్కా ఆరేళ్లలో మూడు ఏజెన్సీల కింద పనిచేసింది. మూడింటిలోనూ అదే బల్ల, అదే కిటికీ పక్క చోటు.

రెబ్కా నాకు అంతకుముందు నుంచే తెలుసు. నా భార్య చివరి నాలుగు నెలలు మంచం మీద ఉన్నప్పుడు షిఫ్టు దిగి, ఊరి బస్సు వదులుకుని మా ఇంటికి వచ్చేది. ఎవరూ రమ్మనలేదు. వచ్చి చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కునేది, కొబ్బరినూనె రాసుకునేది. అప్పటికీ నమ్మకం లేక ముందు తన చెంప మీద వేళ్లు ఆనించి, మంట పుట్టడం లేదని చూసుకున్నాకే దుర్గ తల దువ్వేది. మా అత్తగారు గురవమ్మ గడప దగ్గర కూర్చుని అదంతా చూస్తుండేది. దుర్గ పోయాక అత్తగారు నా దగ్గరే ఉండిపోయింది. కూతురు లేని ఇంట్లో అల్లుడికి వండిపెడుతూ ఉండటం ఏమిటని బంధువులన్నారు. ఆమె పట్టించుకోలేదు.

మార్చి మధ్యలో ఒకరోజు భోజనాల వేళ రెబ్కా క్వాలిటీ గది తలుపు దగ్గరకు వచ్చింది.

"అన్నయ్యగారూ, ఒక సెలవు చీటీ రాసిపెట్టాలండి. నోటి మాట కుదరదు, కాయితం కావాలంటున్నాడు కోటేష్."

కోటేష్ ఏజెన్సీ తరఫున ఆడవాళ్ల హాజరు చూసేవాడు.

"ఏమైందమ్మా?"

"ఏముందండి, గర్భసంచి తీసెయ్యాలంట. ఇంకా నాన్చితే నీకే కష్టం అంది డాక్టరమ్మ."

"ఎన్నాళ్లని రాయను?"

"ఏమోనండీ, కుట్లు ఆరాలిగా. నాలుగు వారాలని రాశామనుకోండి, ఐదో వారం పడితే వాడు చేసే గోల నేను పడలేను. లెక్క రాయమాకండి. మళ్లీ పనిలోకి వస్తానని మాత్రం గట్టిగా రాయండి."

"సెలవు అంటేనే మళ్లీ రావడం కదమ్మా. వేరే రాయక్కర్లేదు."

"అంతేనంటారా?"

"అంతే."

తెల్ల కాగితం తీసుకుని మార్జిను మడిచి రాశాను. "అయ్యా, నేను ఆరు సంవత్సరాలుగా తమ వద్ద పనిచేయుచున్నాను. శస్త్రచికిత్స నిమిత్తం రేపటి నుండి పనికి రాలేని స్థితిలో ఉన్నాను. ఇన్నాళ్లూ తమరు చూపిన ఆదరణకు రుణపడి ఉంటాను. కావున దయతో నాకు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన. ఇక సెలవు. ఇట్లు, తమ విధేయురాలు."

ఆదరణ గురించి ఆమె చెప్పలేదు. అది నేను కలిపాను. మర్యాదగా అడిగితే మర్యాదగా ఇస్తారనుకున్నాను. నిజానికి ఆ వాక్యం రాసినప్పుడు నాకు సంతోషంగా కూడా ఉంది, దాచడం ఎందుకు. చదివి వినిపిస్తే రెబ్కా చీర కొంగు ముక్కు మీద నుంచి తీసి నవ్వింది.

"మా పాస్టరు గారి ప్రార్థనలాగా ఉందండి."

కింద తన పేరు రాసింది. ఆమెకు వచ్చిన రాత ఆ పేరొక్కటే.

*

ఏడు వారాలకు, మే మొదటి సోమవారం, రెబ్కా టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గరకు వచ్చింది. జాబితాలో పేరు లేదన్నాడు వాచ్‌మన్. ఆమె ఎండలో పదకొండు దాకా నిలబడి వెళ్లిపోయింది. నాకు మధ్యాహ్నం తెలిసింది. శాంపిల్ సంచుల కోసం కోటేష్ నా గదికి వస్తే అడిగాను.

"ఏం కోటేష్, రెబ్కా సెలవు పెట్టి వెళ్లింది కదా?"

"సెలవు పెట్టలా సార్. సెలవు తీసుకుంది." వాడికి ఆ మాట బాగా నచ్చినట్టుంది, తనలో తను నవ్వుకున్నాడు. చంకలోని ప్లాస్టిక్ ఫోల్డరు తెరిచి నా బల్ల మీద పెట్టాడు. "చదువుకున్నోళ్లు, మీరే చదవండి. ఇన్నాళ్లూ అంది. రుణపడి ఉంటానంది. ఇక సెలవు అంది. ఎన్నాళ్లో రాయలా, మళ్లీ వస్తాననలా. మా వకీలు గారు చూసి ఏమన్నాడో తెలుసా? ఇంత పద్ధతిగా రాజీనామా ఇచ్చిన లేబర్ని నా సర్వీసులో చూళ్లేదయ్యా అన్నాడు."

"అది సెలవు చీటీ, కోటేష్."

"అని ఎవరంటారు సార్?" గొంతు తగ్గించాడు. "మీ అక్షరం నాకు తెలియదా? రోజూ సంచుల మీద చూస్తానే ఉన్నా. కంపెనీ స్టాఫ్ మా లేబర్‌కి కాయితాలు రాయకూడదని మేనేజర్ గారు బోర్డు పెట్టించారు గదా. ఆయనకు తెలిస్తే ఊరుకుంటారా? నేనైతే ఎవరికీ చెప్పన్లెండి."

ఫోల్డరు మూశాడు.

"థాంక్స్, కోటేష్," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కోసారి చెవిలో వినబడుతుంది.

*

రెబ్కా ఊరుకోలేదు. ఒకప్పుడు పొగాకు కంపెనీలో పనిచేసి, ఇప్పుడు యూనియన్ పనులు చూసే ఇమాం హుస్సేన్ గారి దగ్గరకు వెళ్లింది. ఆయన లేబరాఫీసులో ఫిర్యాదు పెట్టించాడు. మే మధ్యలో మొదటి వాయిదా వచ్చింది. హాజరు రిజిస్టరు తీసుకుని కంపెనీ తరఫున ఎవరైనా రావాలని నోటీసు వచ్చింది. మా మేనేజరు నన్ను పిలిచాడు.

"రావు గారూ, మీరైతే నెమ్మదిగా మాట్లాడతారు. వెళ్లి రిజిస్టరు చూపించి రండి. ఆమె మన మనిషి కాదు, ఏజెన్సీ మనిషి. అంతకుమించి మనం చెప్పేదేం లేదు."

నేను సరేనన్నాను. అలా లేబరాఫీసులో రెబ్కాకు ఎదురుగా, కోటేష్ పక్క కుర్చీలో కూర్చున్నాను.

అధికారిణికి ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. రెబ్కా పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడటం చూసి, అటెండరును పిలిచి చేతుల కుర్చీ తెప్పించింది. కూలర్ గాలి ఆమె వైపు తిప్పమంది. ఆ రోజు ఆ గదిలో రెబ్కాకు జరిగిన మంచి అదొక్కటేనని తరువాత అనుకున్నాను.

ఇమాం హుస్సేన్ గారు లేచాడు. "మేడం, విషయం చిన్నది. ఏడాదిలో రెండొందల నలభై రోజులు పనిచేసిన మనిషిని నోటీసు లేకుండా, పరిహారం ఇవ్వకుండా తీసెయ్యకూడదు. ఏజెన్సీ కింద ఉన్నా ఆ హక్కు హక్కే. ఈమె పోయిన ఏడాది రెండొందల ఎనభై రోజులు చేసింది. రిజిస్టరు ఈ సారు చేతిలోనే ఉంది, అడగండి."

అధికారిణి నా వైపు చూసింది. "రోజులు నిజమేనా?"

"నిజమేనండి," అన్నాను. అంతవరకు నాకు ధైర్యం ఉంది.

"మేం తీసెయ్యలా మేడం," అన్నాడు కోటేష్. "ఆమే పోయింది." ఫోల్డరు ముందుకు జరిపాడు.

అధికారిణి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. "ఏమ్మా, ఇది ఎందుకు ఇచ్చావు?"

"సెలవు కోసమండి. ఆపరేషన్‌కి."

"చూడమ్మా, జాగ్రత్తగా విను. ఇది రాజీనామా అయితే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. తనంతట తాను మానేసిన మనిషికి ఆ హక్కులేవీ రావు. ఇది సెలవు చీటీ అయితే వీళ్లు నిన్ను తీసేసినట్టు. అప్పుడు సోమవారమే నిన్ను పన్లో కూర్చోబెట్టమని వీళ్లకు చెపుతాను. సీజన్ నడుస్తోంది, కాదనలేరు. ఎవరు రాశారిది? వచ్చి ఒక్క మాట చెపితే చాలు."

"ఒకాయన రాసిచ్చాడండి."

"ఎవరాయన?"

రెబ్కా నా వైపు చూసింది. షెడ్డులో కాయను చేతిలోకి తీసుకుని, ఇటు వెయ్యాలా అటు వెయ్యాలా అని ఒక్క క్షణం చూస్తారు. ఆ చూపులో కోపం ఉండదు. అలాగే చూసింది. నేను రిజిస్టరులో ఏప్రిల్ పేజీ తిప్పి మే పేజీ తెరిచాను.

"ఇప్పుడు లేడండి," అంది రెబ్కా.

"అయ్యో, పోయాడా?" అంది అధికారిణి.

రెబ్కా అవుననలేదు, కాదనలేదు. పక్కన కోటేష్ దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వాయిదా జూన్ పన్నెండుకు వేశారు.

ఇమాం హుస్సేన్ గారు జిరాక్సు తీయించడానికి వెళితే, మెట్ల దగ్గర రెబ్కా, నేను మిగిలాం.

"ఎందుకమ్మా అలా అన్నావు?"

"మరేమనమంటారు? నేను పేరు చెపితే మిమ్మల్ని పట్టిచ్చినట్టుంటది. మీరు చెపితేనే చెప్పినట్టు." చెప్పులు వేసుకోవడానికి వంగబోయి ఆగిపోయి, కాలితోనే వెతుక్కుంది. "అన్నం తినకుండా వచ్చినట్టున్నారు. బస్టాండు పక్కన ఇడ్లీ బాగుంటాయి, తినేసి వెళ్లండి."

*

ఆ రోజు ఇంట్లో భోజనం దగ్గర అత్తగారికి చెప్పాను. చెప్పేస్తే కొంత బరువు దిగుతుందనుకున్నాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే వింది.

"లేడు అందా?"

"ఊఁ."

"నువ్వు ఆడే ఉన్నావా అబ్బాయ్?"

"ఎదురుగానే ఉన్నాను."

"మజ్జిగ పొయ్యనా?" అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే వండి, నాలుగు గిన్నెల క్యారియర్ సర్దుకుని షేర్ ఆటో ఎక్కి రెబ్కా వాళ్ల ఊరు వెళ్లడం మొదలుపెట్టింది. చర్చి పక్క పేట అది. మా అత్తగారు తన డెబ్బై ఏళ్లలో అలాంటి పేటలో మంచినీళ్లు తాగి ఎరగదు. అలా వెళ్లడం మొదలుపెట్టిన మూడో రోజు, "రెబ్కా వాళ్ల ఇంట్లో పచ్చడి బాగుంటది, రోటి పచ్చడి," అంది నాతో, నేనేమీ అడగకుండానే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నేను ప్రతి రాత్రీ మర్నాడు చెపుదామనుకునేవాణ్ణి. అధికారిణికి ఫోన్ చెయ్యొచ్చు, ఒక కాగితం రాసి పంపొచ్చు. పొద్దున ఆఫీసుకు వెళ్లాక, వాయిదా రోజున చెప్పొచ్చులే, తొందరేముంది అనిపించేది. ఇంకో మూడేళ్లలో రిటైర్మెంటు. నేనేమీ చెడ్డవాణ్ణి కాదనీ, నోరు విప్పడానికి సరైన సమయం కోసం చూస్తున్నాననీ నాకు నేను చాలా మంచి తెలుగులో చెప్పుకునేవాణ్ణి.

మే ఆఖరి వారంలో ఒక సాయంత్రం అత్తగారు ఖాళీ క్యారియర్‌తో కాకుండా, నిండు క్యారియర్‌తో తిరిగి వచ్చింది.

"తిననే లేదా?"

"ఇంట్లో ఉంటే గదా. పత్తికట్టె పీకను పోయింది."

పత్తి అయిపోయిన చేలల్లో ఎండిన మొక్కల్ని వేళ్లతో సహా పెరికే పని అది. నడుం వంచి, పొట్ట బిగబట్టి లాగాలి. బలమైన మగవాళ్లే గంటకోసారి కూర్చుంటారు.

"డాక్టరు బరువు పనులు చెయ్యొద్దన్నారు కదా?"

"అన్నారు. ఆ డాక్టరమ్మ వచ్చి వండిపెడతదా? మీ ఆఫీసు లాంటి నీడపట్టు పనులకి పోతే నలభై దాటిందని గేట్లోనే పంపించేస్తన్నారంట. నలభై నాలుగు దానికి. ఇంకెక్కడికి పోద్ది?" క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటి విప్పి పెడుతోంది. "పన్నెండింటికి గట్టు మీద కూలబడిందంట. లంగా అంతా రక్తం. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను ఆడినించే వస్తన్నా."

నేను లేచి నిలబడ్డాను. ఎక్కడికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాను.

"దుర్గ తల దువ్విన చేతులయ్యా అయ్యి," అంది. "అన్నం ఆడ పెట్టా. పెట్టుకుని తిను. నీకు వడ్డించడం నా వల్ల కావట్లా."

ఆ రోజు నుంచి ఆమె నాకు వడ్డించలేదు. వండేది, మూతలు పెట్టేది, వెళ్లి వాకిట్లో కూర్చునేది. ఇప్పటికీ అంతే.

*

రెబ్కా నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి తేరుకుంది. జూన్ పన్నెండుకు నన్ను వెళ్లమని కంపెనీ అడగలేదు. ఏజెన్సీ వాళ్లే చూసుకుంటారన్నారు. నేను ఒక రోజు సెలవుకు అర్జీ పెట్టుకున్నాను. పన్నెండున మాత్రమే రాననీ, పదమూడున ఉదయం ఎనిమిదింటికి విధుల్లో ఉంటాననీ రాశాను. మర్యాద వాక్యాలేవీ రాయలేదు.

లేబరాఫీసులో ఈసారి రెబ్కా పక్కన కూర్చున్నాను. ఆమె సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. కోటేష్ ఎదురుగా ఉన్నాడు. వాడి ముఖంలో మొదటిసారి నవ్వు లేదు.

"మీరు కంపెనీ వారు కదా?" అంది అధికారిణి.

"అవునండి. ఆ ఉత్తరం రాసింది నేనే. అది సెలవు చీటీ. మళ్లీ పనికి వస్తానని రాయమని ఈమె అడిగింది. అక్కర్లేదని నేనే అన్నాను. ఆదరణ గురించిన మాటలు ఈమెవి కావు, నావి."

ఆమె కళ్లజోడు తీసింది. "పోయాడన్నారే?"

"పోలేదండి. పోయినసారి కూడా ఈ గదిలోనే ఉన్నాను."

ఇమాం హుస్సేన్ గారు నా వైపు తిరిగాడు. ఏదో అనబోయి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన అంత కోపాన్ని అలా దించుకోవడం నా మీద చూపిన దయే.

అధికారిణి నా దస్తూరీ కోసం నాలుగు వాక్యాలు రాయించి, పక్కన పెట్టి పోల్చుకుంది. కోటేష్ వైపు తిరిగింది. "ఇప్పుడేమంటారు? తిరిగి తీసుకుంటారా?"

"తీసుకోడానికి మేము ఉంటే గదా మేడం. ముప్పై ఒకటితో మా కాంట్రాక్టు అయిపోయింది. జూన్ నుంచి వేరే ఏజెన్సీ. వాళ్లు నలభై లోపు వాళ్లనే రాసుకున్నారు. ఆ బల్ల దగ్గర ఇంకో పిల్ల కూర్చుంది."

అబద్ధం కాదు. ఆ పిల్లను నేను కిటికీలోంచి రోజూ చూస్తున్నాను.

అధికారిణి కాగితాలు మళ్లీ ఒకసారి తిరగేసింది. తరువాత రెబ్కాతో నెమ్మదిగా చెప్పింది. "నిన్ను తీసేశారని రాస్తానమ్మా. నోటీసు కాలానికి, ఆరేళ్ల సర్వీసుకు పరిహారం ఇప్పిస్తాను, అది నీ హక్కు. కానీ బల్ల ఇప్పించలేను. పోయిన నెలలో అయితే ఇప్పించేదాన్ని. ఇప్పుడు బల్ల కావాలంటే కోర్టుకు వెళ్లాలి, ఏళ్లు పడుతుంది."

"కోర్టులొద్దులెండి," అంది రెబ్కా. "మానేసి పోయిందని రాసుకున్నారే, అది కొట్టేస్తారా?"

"కొట్టేస్తాను."

"అయితే చాలండి."

చాలదని ఆ గదిలో అందరికీ తెలుసు.

గుమాస్తా నా వాంగ్మూలం టైపు చేశాడు. రెబ్కాకు చదవడం రాదు కనుక పైకి చదివి వినిపించమంది అధికారిణి. అతను ఊరి పేరు నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాడు. చివరి వాక్యం అధికారిణి స్వయంగా చెప్పి రాయించినది. "ఈ సాక్షి గత వాయిదాలో ఇదే గదిలో హాజరై ఉండి, ఉత్తరం రాసినది ఎవరని నేను అడిగినప్పుడు, సమాధానం తెలిసి కూడా చెప్పలేదు."

రెబ్కా కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఆ మాట తీసెయ్యండమ్మా, పాపం. ఆయన పెద్దాయన."

"అది నిజం కాదా?" అంది అధికారిణి.

రెబ్కా నా వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంది.

అధికారిణి కాగితం నా ముందుకు జరిపి, మార్పులేమైనా ఉన్నాయా అని అడిగింది. చదువుకున్నాను. లేవండీ అని సంతకం పెట్టాను.